మోకాలెత్తు రాయి

నాచారం నుంచి ఉప్పల్‌కు పోయే దారిలో, ఫ్యాక్టరీల గోడలు అయిపోయి ఇళ్ళు మొదలయ్యే చోట, ఒక సందు మొగలో కరెంటు స్తంభం ఉంది. ట్యూషన్ల బోర్డులు, హాస్టళ్ళ కాగితాలు అతికించి అతికించి దాని నడుము లావెక్కిపోయింది. దాన్ని ఎవరూ పట్టించుకోరు. నాకు మాత్రం ఈ రోజుకూ దాన్ని దాటాలంటే కాళ్ళు ఆడవు. ఇరవై ఏళ్ళుగా భూముల ప్లానింగ్ ఉద్యోగం చేస్తున్నదాన్ని. దయ్యాలనూ భూతాలనూ నమ్మే రకాన్ని కాదు. మా అత్తగారు దిష్టి తీస్తానంటేనే విసుక్కునేదాన్ని. అయినా అక్కడికి పోతే ఒక ముసలాయన వంగి పంచె పైకి ఎత్తుకుంటూ కనబడతాడు. ఆయన పోయి ఆరేళ్ళయింది.

ఏం ఉద్యోగమమ్మా నీది అని ఎవరైనా అడిగితే చెప్పడం నాకు ఎప్పుడూ చేతకాలేదు. ఏ నేలలో ఇళ్ళు రావచ్చు, ఏ నేలలో ఫ్యాక్టరీలు రావచ్చు, ఏది అందరి భూమిగా అట్లాగే ఉండిపోవాలి అని మ్యాపు మీద రంగులు వేస్తాం. ఇళ్ళకు పసుపు, చెరువులకు నీలం. నీలం ఎక్కడ ఆగాలో చెప్పే గీతను ఎఫ్‌టీఎల్ అంటాం. చెరువు నిండితే నీళ్ళు ఎక్కడిదాకా వస్తాయో ఆ హద్దు. ఇప్పుడైతే పేపర్లలో రోజూ వచ్చి షేర్ ఆటో డ్రైవరు కూడా ఎఫ్‌టీఎల్ గురించి ఉపన్యాసం ఇస్తాడు. నేను చేరిన కొత్తలో ఆ మాట మా ఆఫీసు గుమ్మం దాటేది కాదు.

ఆ స్తంభానికి దగ్గరున్న కుంట సర్వే నా ఉద్యోగం రెండో ఏడులో పడింది. మంచి ఎండాకాలం. కుంట మధ్యలో కాస్త బురద, మిగతాదంతా పగుళ్ళిచ్చిన నేల, సర్కారు తుమ్మ, ఎవరో లారీల్లో తెచ్చి పోసిన పాత ఇళ్ళ ఇటుకలు. టీములో ఆడదాన్ని నేనొక్కదాన్నే. ఎక్కడ తేలిక చేస్తారో అని ఆ రోజుల్లో అందరికంటే ముందు నడిచేదాన్ని, ప్రతిదీ రూలు ప్రకారం చేసేదాన్ని, పొద్దున ఇంట్లోంచి బయలుదేరాక నీళ్ళు ముట్టేదాన్ని కాదు. తాగితే బాత్‌రూము వెతుక్కోవాలి. మగవాళ్ళకు తుమ్మ చెట్టు చాలు. నేను ఎక్కడికి పోను?

ఎండిపోయిన కుంటకు నిండు హద్దు ఎట్లా పెడతారని మీకు అనుమానం రావచ్చు. దానికి మత్తడి ఉంటుంది. కట్టకు ఒక చివర రాళ్ళతో కట్టిన తక్కువ ఎత్తు గోడ అది. కుంట నిండాక ఎక్కువైన నీళ్ళు దాని మీదుగా దుంకి కిందికి పోతాయి. కాబట్టి మత్తడి పై అంచు ఎంత ఎత్తులో ఉందో, నీళ్ళు అంతకు మించి నిలవవు. ఆ ఎత్తు పట్టుకుని, కుంట చుట్టూ నేల అదే ఎత్తులో ఉన్న చోటల్లా గుర్తు పెట్టుకుంటూ పోతే హద్దు తేలుతుంది. ఇందులో పెద్ద విద్య ఏమీ లేదు. మత్తడి సరిగ్గా ఉంటే చాలు.

సర్వేయరు మత్తడి మీద కొలత కర్ర నిలబెట్టే సమయానికి ఒక పెద్దాయన కట్ట మీద నడుచుకుంటూ వచ్చాడు. ముతక పంచె, భుజాన తువ్వాల. ఆ కుంటకు నీరటి ఆయన. తూము తెరిచి, మూసి, ఏ మడికి ఎన్ని నీళ్ళో పంచడం వాళ్ళ ఇంటి పని, తాతల నాటి నుంచి. మడులు పోయి ప్లాట్లయ్యాయి, తూముకు తుప్పు పట్టింది, నీళ్ళు అడిగేవాళ్ళు ఎవరూ లేరు. అయినా రోజూ పొద్దున వచ్చి కట్ట మీద ఆ చివరి నుంచి ఈ చివరి దాకా ఒకసారి తిరిగి పోయేవాడట. మేం కొలుస్తుంటే కాసేపు చూశాడు. తర్వాత మగవాళ్ళందరినీ వదిలి నా దగ్గరికే వచ్చాడు.

“బిడ్డా, మోకాలెత్తు రాయి పోయింది” అన్నాడు.

ఏ రాయి అని అడిగాను. మత్తడి పైన ఇంకో వరుస రాళ్ళు ఉండేవని చెప్పాడు. రెండేళ్ళ కింద ప్లాట్లు కొట్టేవాళ్ళు మనుషులను పెట్టి ఒక్క పూటలో పీకించేశారని, నీళ్ళు తక్కువ ఎత్తులోనే దుంకిపోతే పడమటి దిక్కు నేల బయటపడుతుందని అట్లా చేశారని చెప్పాడు. ఎన్ని అడుగుల రాయి అంటే ఆయనకు తెలియదు. కుడి కాలు ముందుకు పెట్టి, మోకాలి చిప్ప మీద అరచేయి ఆనించి, ఇంత అని చూపించాడు. ఆయన బతుకంతా నీళ్ళను ఒంటితోనే కొలిచాడు. పిక్కలోతు, మోకాలిలోతు, నడుములోతు. పీకేసిన రాళ్ళలో ఒకటి బండి మీద ఇంటికి తెచ్చి దాచానని, సందు దాటితే ఇల్లు, అయిదు నిముషాలు, వచ్చి కొలుచుకోండని అన్నాడు. బతిమాలినట్టు ఏమీ లేదు, పక్కింటివాళ్ళను టీకి పిలిచినట్టు పిలిచాడు.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. ఉన్నది ఉన్నట్టు రాయాలి. నేల మీద ఈ రోజు ఏం కనబడుతుందో అదే కొలవాలి, ఎవరో చెప్పిన నిన్నటి సంగతి కాగితానికి ఎక్కదు. పాత నక్షా విప్పి చూశాను. అందులో కుంట ఉంది, మత్తడి ఉంది, ఎత్తు రాసి లేదు. ఇట్లాంటి ముసలివాళ్ళు ప్రతి చెరువు కాడ ఒకరుంటారు మేడం అని సర్వేయరు గొణిగాడు. పెద్దాయనతో నేను చాలా మర్యాదగా, రాతపూర్వకంగా ఏమైనా ఉందా తాతా అని అడిగాను. ఆయన నా ముఖం చూసి, రాయి ఉంది అన్నాడు.

పద్ధతి కోసమే నేను పోలేదని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. పొద్దున ఆరింటి నుంచి బాత్‌రూముకు పోలేదు, కడుపులో నొప్పి మొదలైంది. భోజనం అయ్యాక చెంగిచెర్లలో ఇంకో సైటు ఉంది, దారిలో మా డ్రైవరుకు తెలిసిన పెట్రోల్ బంకులో శుభ్రమైన బాత్‌రూము ఉంది. డ్రైవరు హారను కొడుతున్నాడు. సిగ్గు విడిచి పెద్దాయన ఇంటికే పోయి ఉంటే అక్కడా ఒక బాత్‌రూము ఉండే ఉంటుంది. ఆ ముక్క జీపు ఎక్కి సగం దూరం పోయాక గానీ తట్టలేదు. ఇంత చిన్న సంగతి, ఛీ, రాయడానికి కూడా నామోషీగా ఉంది. కానీ అదే జరిగింది. పై వరుస రాళ్ళు లేని మత్తడి ఎత్తే రాసుకున్నాం. కింద సంతకం నాది.

పడమటి దిక్కు నేల పళ్ళెం మాదిరి చదును. అట్లాంటి చోట మోకాలెత్తు తేడా అంటే నాలుగు సందుల నేల. మ్యాపులో ఆ మేర నీలం పోయి పసుపు వచ్చింది. నాలుగేళ్ళు తిరిగేసరికి అక్కడ రేకుల ఇళ్ళు, తర్వాత స్లాబు ఇళ్ళు లేచాయి. అన్నీ అనుమతులతోనే, అన్నీ నా గీతకు అవతలే. కొన్నవాళ్ళలో జిల్లాల నుంచి వచ్చి నాచారం ఫ్యాక్టరీలలో పని చేసేవాళ్ళు ఎక్కువ. ఎవరినీ మోసం చేశానని నాకు అనిపించలేదు. పెద్దాయన సంగతి మరిచిపోయాను కూడా.

సర్వే జరిగిన ఎనిమిదేళ్ళకు మళ్ళీ ఆ కాలనీకి పోవలసి వచ్చింది. పార్కు కోసం వదిలిన జాగాలో ఎవరో గోడ కడుతున్నారని ఫిర్యాదు. మిట్టమధ్యాహ్నం. సందు మొగలో జీపు దిగి నీడ కోసం చూస్తుంటే, ఒక ముసలాయన నడుచుకుంటూ వచ్చి ఆ కరెంటు స్తంభం దగ్గర ఆగాడు. చెప్పులు విడిచి చేతిలోకి తీసుకున్నాడు. వంగి పంచె మోకాళ్ళ పైకి ఎత్తి, ఒక చేత్తో గట్టిగా పట్టుకుని, మాడిపోతున్న సిమెంటు రోడ్డు మీద అడుగులో అడుగు వేసుకుంటూ సందులోకి నడిచాడు. కాలు తీసి వేసే తీరు చూస్తే నీళ్ళలో నడిచేవాడి నడక అది. కిరాణా షాపు ముందు కూర్చున్నవాళ్ళు కిసుక్కున నవ్వారు. నాకూ నవ్వు వచ్చింది. ఆ మాట దాచుకుని లాభం లేదు.

నాలుగో ఇంటి గేటు దగ్గర ఆయన ఆగాడు. లోపలి నుంచి నా వయసే ఉన్న ఆడమనిషి స్టీలు గ్లాసులో చాయ్ తెచ్చి గేటు మీదుగా అందించింది. ఆయన నిలబడే తాగాడు. పంచె పట్టుకున్న చేయి మాత్రం వదల్లేదు. అప్పుడు ముఖం చూసి గుర్తు పట్టాను. ఆయన నాకంటే ముందే గుర్తు పట్టి ఉంటాడు, మంచిగున్నవా బిడ్డా అని అడిగాడు. ఇదేంటి తాతా, పంచె ఎందుకట్లా అంటే, నీళ్ళున్నయి గదా అన్నాడు, అదేదో నేను అడగకూడని ప్రశ్న అడిగినట్టు.

ఆ ఇల్లు ఆయన కూతురిది. మందుల కంపెనీలో ప్యాకింగ్ పని చేస్తుంది, భర్త లేడు, ఒక్క ఆడపిల్ల. తండ్రి వద్దంటున్నా వినకుండా అక్కడే ప్లాటు కొన్నది. గృహప్రవేశానికి ఆయన స్తంభం దాకా వచ్చి వెనక్కి పోయాడు. తర్వాత వారానికోసారి వస్తాడు, ఇట్లాగే వస్తాడు, గడప మాత్రం తొక్కడు. ఆమె చెబుతుంటే ముఖం ఎర్రబడిపోయింది. లోపలికి పోయి ప్లాస్టిక్ కవరులో పెట్టిన జిరాక్సు కాగితం తెచ్చి నా చేతిలో పెట్టింది. నా మ్యాపు. నా సంతకం.

“మీ కాయితం సూసే కొన్నం మేడం. మా నాయినకు జర మీరే చెప్పుండ్రి. గల్లీల ఇజ్జత్ పోతున్నది” అన్నది.

షాపు ముందువాళ్ళు లేచి వచ్చారు. మా సిబ్బంది చూస్తున్నారు. అప్పటికే రాయి ఉంది అన్న మాట చెవిలో పడినట్టే అయింది. కానీ ఇంతమంది ముందు నా గీత నేనెట్లా కాదంటాను? పిల్లలకు పాఠం చెప్పే గొంతుతో, తాతా, ఇక్కడ కుంట లేదు, కాగితంలో లేదు, లోపలికి పోయి కూర్చో అన్నాను.

“మంచిది బిడ్డా” అన్నాడు ఆయన.

కోపం తెచ్చుకుని ఉంటే నేను బాగుపడేదాన్ని. తిట్టి ఉంటే ఇంకా మంచిది. గ్లాసు కూతురికి ఇచ్చి, అదే నడకతో వెనక్కి పోయాడు. స్తంభం దగ్గరికి పోయాక పంచె దించి, తడి విదిలించుకున్నట్టు కాళ్ళు రెండూ విదిలించి, చెప్పులు వేసుకున్నాడు. వెనక నుంచి కూతురు గట్టిగానే, పిచ్చోడు మేడం, ఏమనుకోకుండ్రి అన్నది. ఆయనకు వినబడే ఉంటుంది. పార్కు గోడ సంగతి చూసి నేను ఆఫీసుకు వచ్చేశాను.

నాలుగేళ్ళ తర్వాత ఆయన పోయాడని ఆ కాలనీ నుంచి వచ్చిన ఎవరో మాటల మధ్యలో చెప్పారు. ఆ ఏడు వానాకాలంలోనే ఆ సందుల్లోకి నీళ్ళు వచ్చాయి. మత్తడి కింద వాగు మీద కూడా ఇళ్ళు లేచి, నీళ్ళు పోయే దారి ఇరుకైపోయింది. మునిగిన ఇళ్ళ ఫోటోలు ఆఫీసుకు వస్తే ఒక్కొక్కటే తిప్పుతున్నాను. ఒక ఫోటోలో ఆ గేటు. గేటు ముందు ఆమె నిలబడి ఉంది, చీర మోకాళ్ళ పైకి ఎత్తి పట్టుకుని. ఫోటో బల్ల మీద బోర్లా పెట్టి బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాను. భయమేసింది. నిజంగా భయమే, వేరే పేరు పెట్టను.

అప్పటి నుంచి ఆయన నన్ను వదల్లేదు. రామంతాపూర్‌లో మాది మొదటి అంతస్తు, మా ఇంట్లోకి ఏ నీళ్ళూ రావు. అయినా వాన మొదలైతే నా చేయి దానంతట అదే సల్వారు పైకి లాగుతుంది. షేర్ ఆటోలో ఎదురుగా ఏ ముసలాయన కూర్చున్నా ముఖం చూడను, మోకాళ్ళు చూస్తాను. బకెట్టు నిండుతుంటే ఎక్కడిదాకా వచ్చిందా అని కాలు పక్కన పెట్టి చూసుకుంటాను. మా ఆయన మొదట్లో ఎగతాళి చేశాడు, తర్వాత డాక్టరుకు చూపించుకోమన్నాడు. డాక్టరుకు ఏం చెప్పను, ఒకాయన ఇంటికి పిలిస్తే పోలేదు, అప్పటి నుంచి ఇట్లా ఉంది అనా?

నిరుడు, కుంటల హద్దులన్నీ మళ్ళీ సరిచూడమని ఉత్తర్వు వచ్చింది. అదే సమయంలో ఆ కుంటకు పైవైపు, నా గీతను ఆనుకుని, పెద్ద అపార్ట్‌మెంటు కడతామని దరఖాస్తు వచ్చింది. అది లేస్తే కుంటలో మిగిలిన చోటు కూడా పూడిపోతుంది, నీళ్ళన్నీ ఆ నాలుగు సందుల మీద పడతాయి. పాత ఫైలు నా బల్ల మీదికే వచ్చింది. పైన చీటీ. పాత హద్దు సరైనదేనని ధ్రువీకరించగలరు. సంతకం పెడితే అపార్ట్‌మెంటు వస్తుంది. తప్పు అని రాస్తే హద్దు జరుగుతుంది, ఆ నాలుగు సందులు కుంటలోకి పోతాయి, ఆమె ఇల్లు కూలే జాబితాలోకి ఎక్కుతుంది. ఇప్పుడెవలడిగిన్రు నిన్ను, ఇన్నేళ్ళు లేనిది అని మా ఆయన అన్నాడు. ఆ మాటా నిజమే, ఎవరూ అడగలేదు.

ఫైలు నాలుగు రోజులు నా దగ్గరే ఉంచుకున్నాను. అయిదో రోజు సాయంత్రం ఆటో ఎక్కి ఆ సందుకు పోయాను. ఆమె అప్పుడే డ్యూటీ నుంచి వచ్చినట్టుంది, మెడలో కంపెనీ కార్డు ఇంకా ఉంది. గేటు దగ్గర నన్ను చూసి గుర్తు పట్టింది. తర్వాత గేటు పూర్తిగా తెరిచింది.

“మీరు ఇప్పిచ్చిన ఇల్లే గద మేడం. లోపటికి రాండ్రి” అన్నది.

లోపల మంచం కోళ్ళ కింద ఇటుకలు, ఫ్రిజ్జు కింద ఇటుకలు. గోడ మీద నీళ్ళు వచ్చి పోయిన చారలు ఒకదాని మీద ఒకటి. మొదటి రెండుసార్లు రంగు వేయించారట, తర్వాత వదిలేశారు. చారలకు బాగా పైన పెద్దాయన ఫోటో. బతికుండగా అడుగు పెట్టని ఇంట్లో దండ వేయించుకుని ఉన్నాడు. ఆమె చాయ్ పెట్టి ఇచ్చింది. నేను మొత్తం చెప్పాను. మత్తడి సంగతి, ఆయన పిలిచిన సంగతి, పెట్రోల్ బంకు సంగతి కూడా. ఆమె నన్ను ఒక్క మాటే అడిగింది, అయిదు నిముషాలేనా అని. అవునన్నాను.

లేచి వెనకవైపు తలుపు తీసింది. అక్కడ నల్లా కింద బట్టలు ఉతికే బండ ఉంది. పాత ఇల్లు ఖాళీ చేసినప్పుడు తండ్రి సామానులో దొరికిందట. ఎవరో ఆఫీసు నుంచి కొలవడానికి వస్తారు, పారెయ్యొద్దు అని ఆయన చివరి దాకా అనేవాడట. ఎవరూ రాలేదు. మంచి బండ, ఎందుకు పారేయాలని తెచ్చి ఉతుకుడు బండగా వేసుకుంది. అయిదేళ్ళుగా దాని మీదే బట్టలు ఉతుకుతోంది. నేను వంగి చూస్తే ఒక పక్క పాత సున్నం ఇంకా గట్టిగా అంటుకుని ఉంది, మత్తడి మీద కూర్చున్న పక్క.

ఈ రాయి కొలిస్తే ఏమవుతుందో దాచకుండా చెప్పాను. కొలిస్తే అసలు హద్దు తేలుతుంది, అపార్ట్‌మెంటు ఆగుతుంది, నీ ఇల్లు పోతుంది. కొలవకపోతే ఇల్లు ఉంటుంది, నీళ్ళు ఇంతకింత వస్తాయి. రాయి నీది, ఇవ్వనంటే నేను అడగను.

“మీకు మెమో అస్తది మేడం. నాకు ఇల్లు పోతది” అన్నది ఆమె. గొంతు పెంచలేదు.

ఆమె నల్లా కట్టేసి, ఆదివారం నాకు సెలవు, గేటు తెరిచి ఉంటే రండి, మూసి ఉంటే అటునుంచి అటే పోండి అన్నది. గేటు మూసి ఉండాలని ఆ మూడు రోజులూ నేను మొక్కుకున్నాను. దిష్టికి కూడా విసుక్కునే నేను మొక్కుకున్నాను. మూసి ఉంటే నేను చేయగలిగింది చేశానని నిద్రపోవచ్చు, అంతే నా ఆశ.

ఆదివారం గేటు బార్లా తెరిచి ఉంది. రాయి వాకిట్లో ఉంది. సబ్బు జిడ్డంతా రాత్రే గీకి కడిగిందట, సున్నం పక్క కిందికి పెట్టి నిటారుగా నిలబెట్టింది. మా ఆఫీసు సర్వేయరు అమ్మాయి నాతో వచ్చింది, ఆమెకు ఈ పాత కథ ఏదీ తెలియదు. నేను టేపు తీశాను. ఒక్కదాన్నే పట్టుకుంటే కింది కొస నిలవడం లేదు. ఇంటావిడ వచ్చి నా చేతిలోంచి ఆ కొస తీసుకుని, కూర్చుని, రాయి అడుగున నేలకు ఆనించి పట్టుకుంది. పైన నేను చదివాను. లేచి నిలబడితే రాయి సరిగ్గా ఆమె మోకాలి చిప్ప దాకా వచ్చింది.

తర్వాత మత్తడి దగ్గరికి పోయాం. సున్నం మచ్చలు ఇంకా ఉన్నాయి, రాయి అడుగు కొలతలు వాటితో సరిపోయాయి. ఆ ఎత్తు కలిపి, మిషను పెట్టి, సర్వేయరు అమ్మాయి నేల మీద సున్నపు పొడితో చుక్కలు పెట్టుకుంటూ సందుల వెంట వచ్చింది. మేమిద్దరం వెనక నడుస్తున్నాం. మొదటి సందు దాటింది, రెండోది దాటింది. ఈ సందులో ఆమె ఇల్లు దాటి, షాపు దాటి, మొగ దాకా వచ్చి ఆగింది. మేడం, హద్దు ఈ స్తంభం కాడికి వచ్చింది, రెండు జానల తేడా అని అరిచింది ఆ అమ్మాయి. నేను అక్కడే రోడ్డు గట్టు మీద కూర్చున్నాను. మిషను లేదు, కర్ర లేదు. ఆయన ప్రతిసారీ సరిగ్గా అక్కడే చెప్పులు విడిచాడు. ఊరంతా నవ్వుతుంటే నాకు ఆయన హద్దు చూపించాడు, చూసి నేనూ నవ్వాను.

“నేనెటు దిక్కున్న మేడం?” అని అడిగింది కూతురు.

లోపల అన్నాను.

ఆమె సున్నపు చుక్కలను చాలాసేపు చూసింది. “వచ్చినప్పుడల్ల లోపటికి రా నాయినా అని పిలిసిన. ఆయన లెక్కల నన్ను నీళ్ళల్ల వదిలిపెట్టి పోయినట్టే గద, ఎట్ల ఓర్సుకున్నడో” అన్నది. స్తంభం మీద చేయి ఆనించి, “పిచ్చోడన్న మేడం. అందరి ముంగట అన్న” అన్నది. నేనూ అన్నంత పని చేశాను అని చెప్పాను. ఇద్దరం ఆ గట్టు మీద కూర్చుని ఏడ్చాం. సర్వేయరు అమ్మాయి ఏం చేయాలో తెలియక మిషను మూడు కాళ్ళు విప్పి మళ్ళీ బిగించింది.

పాత హద్దు తప్పు అని నా చేత్తో రాశాను. ఎట్లా తప్పయిందో రాశాను, రాయి ఫోటో జత చేశాను. అపార్ట్‌మెంటు దరఖాస్తు ఆగిపోయింది. నాకు మెమో వచ్చింది, ఆమె అన్నట్టే. విచారణ నడుస్తోంది, జీతం మాత్రం నెల నెలా పడుతోంది. నాలుగు సందుల ఇళ్ళకు ఎర్ర రంగుతో నంబర్లు వేశారు. ఆమె గేటు పక్కన గోడ మీద కూడా ఒకటి ఉంది. నా తప్పు నమ్మి కొన్నారు కాబట్టి వేరే చోట ఇళ్ళు ఇవ్వాలని ఫైలులో రాశాను, మనుషుల్ని పట్టుకుని తిరుగుతున్నాను. ఇస్తారో ఇవ్వరో తెలియదు. ఊరికి దూరంగా జవహర్‌నగర్ అవతల ఇస్తారని కొందరు అంటున్నారు. వానలు అయ్యాక కూలుస్తారట. ఆ సందులో నన్ను చూస్తే కొందరు తలుపులు వేసుకుంటున్నారు, ఒకావిడ మట్టి చల్లింది. వాళ్ళను ఏమీ అనలేను.

పోయిన వారం మళ్ళీ పోయాను, ఇళ్ళ దరఖాస్తు మీద ఆమె సంతకం కోసం. ఎండ బాగా కాస్తోంది, రోడ్డు పొడిగా ఉంది. స్తంభం దగ్గరికి రాగానే నాకు తెలియకుండానే వంగాను. చెప్పులు విడిచి చేతిలోకి తీసుకుని, సల్వారు మోకాళ్ళ దాకా లాక్కున్నాను. తలెత్తి చూస్తే ఎదురుగా ఆమె, డ్యూటీ నుంచి వస్తూ ఆగి నన్నే చూస్తోంది. షాపు ముందు ఎవరో నవ్వారు. ఆమె నవ్వలేదు. వంగి తన చెప్పులు కూడా విడిచింది. చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో ఎత్తి పట్టుకుని, జర పైలంగ రాండ్రి మేడం, గీడ లోతుంటది అని చెప్పి ముందు నడిచింది. నేను ఆమె వెనక నడిచాను.